తెలుగు రాని పిల్లలకు ఇంగ్లీషు చెప్పుట ఎట్లు?

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు, శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డునానుకొని ఉన్న పరమేశ్ ఫంక్షన్ హాలులో, శుక్ర మౌఢ్యం ప్రవేశించిన మరునాడే విదేశ ఆంగ్ల బోధక శిక్షణ పీఠం వెలసింది. ఇటువంటి పీఠాలు సాధారణంగా దేశానికి అవసరమై వెలుస్తాయి. ఈ పీఠం మాత్రం హాలు ఖాళీగా ఉండటం వల్ల వెలసింది. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ వెంటనే శూన్యమాసం. వధూవరులు కూర్చునే ఎర్ర మఖమల్ సింహాసనాలకు దుమ్ము పడుతుంటే చూడలేక, వాటిలో ఆచార్యులను కూర్చోబెట్టాలని పరమేశ్ నిశ్చయించాడు. పాఠ్యక్రమం ఎంతకాలమన్న ప్రశ్నకు ఆయన పంచాంగం తెరిచి, శుక్రుడు మళ్లీ కనబడేవరకని సెలవిచ్చాడు. ఏ విశ్వవిద్యాలయమూ తన పాఠ్యక్రమానికి ఇంతటి ఖగోళశాస్త్ర పునాది వేసుకున్నట్లు వినలేదు.

పరమేశ్ భూములున్న ఇంటివాడు. భూములు కొన్ని ప్లాట్లయ్యాయి, ఒకటి ఫంక్షన్ హాలయింది, బహదూర్‌పల్లిలోనిది ఇంగ్లీషు మీడియం పాఠశాల అయింది. ఆ పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయుడు సుధాకర్. పదవ తరగతి వాళ్లను ఏటేటా గట్టెక్కిస్తున్నవాడు. ఆయన బోధనా పద్ధతి మన ప్రాంతంలో శిష్ట సమ్మతమైనది. ఇంగ్లీషు వాక్యం చదువుతాడు, దానికి తెలుగులో అర్థం చెబుతాడు, ఆ అర్థానికి తెలుగులో వ్యాఖ్యానం చేస్తాడు, ఆపైన పిల్లలందరూ మళ్లీ ఇంగ్లీషు వాక్యాన్ని ముక్తకంఠంతో వల్లిస్తారు. మూలం, టీక, తాత్పర్యం. కావ్యాలకు చెల్లిన మర్యాద రైలు ప్రయాణం పాఠానికి మాత్రం ఎందుకు చెల్లదు?

చిక్కల్లా ఒకటే. పాఠశాల ఆవరణలో తెలుగు నిషిద్ధం. తెలుగు మాట జారిన బిడ్డకు ఆటల పీరియడ్ లేదు. ఈ నిషేధమూ సుధాకర్ పద్ధతీ ఒకదానికొకటి తగలకుండా పరమేశ్ ఒక సవరణ తెచ్చాడు. ‘ఆంగ్ల బోధనకు అవసరమైన మేరకు, తలుపులు మూసి, తెలుగు వాడుకొనవచ్చును.’ అందుచేత ఆ పాఠశాలలో తెలుగు చట్టబద్ధంగా వినిపించేది ఇంగ్లీషు పీరియడ్‌లోనే. పిల్లలు ఆ పీరియడ్ కోసం ఎదురుచూసేవారు. ఇంగ్లీషు మీద వారికున్న అనురక్తికి పరమేశ్ ముగ్ధుడయ్యేవాడు.

ఇట్లా సాగుతుండగా బౌరంపేట్‌లో కొత్త బడి లేచింది. సింగపూర్‌లో ఇంగ్లీషు చెప్పి వచ్చిన సారు అక్కడ పాఠాలు చెబుతాడని దుండిగల్ దాకా బ్యానర్లు కట్టారు. మరునాడే పరమేశ్ సుధాకర్‌ను పిలిపించాడు.

“సార్, మీరు మనోళ్లు, గందుకే ముందుగాల మీకే చెప్తున్న. గా బౌరంపేటోళ్లకు సింగపూర్ సారున్నడు. మనకు బహదూర్‌పల్లి సారున్నడు. గిది బ్యానర్ మీద రాసుకుందామా చెప్పుండ్రి. ఒక్క ఏడాది ఫారిన్‌ల చెప్పి రండ్రి, కుర్సీ మీదే. లేకుంటే గా సింగపూరాయన్నే గుంజుకొస్త. ఇగ మీ ఇష్టం.”

ఇష్టమనేది సుధాకర్‌కు ఆ క్షణం వరకు ఉండేది. ఇన్నేళ్ల ఉద్యోగం పోతే, పొరుగు బడిలో చేరడానికీ ఇప్పుడు విదేశమే అర్హత. ఆయన నేరుగా ఫంక్షన్ హాలుకు వెళ్లి, పీఠంలో మొదటి విద్యార్థిగా చేరాడు. పీఠం అధిపతీ తన యజమానే గనుక జీతంలోనుంచి రుసుము కోయడం సులభమైంది.

ప్రధానాచార్యులు జోగారావుగారు. కోస్తా జిల్లాలనుంచి వచ్చి బహదూర్‌పల్లి కాలనీలో స్థిరపడిన విశ్రాంత ఉద్యోగి. ఆఫీసువాళ్లు ఒకమారు సింగపూర్ విహారయాత్రకు పంపారు. అక్కడ ఆయనకు మొదటి పూటే కడుపులో తేడా చేయగా, మిగిలిన యాత్ర అంతా హోటల్ గదిలో కిటికీ దగ్గర కూర్చొని ఆ దేశాన్ని పరిశీలించారు. తిరుగుళ్లలో పడినవారికి అబ్బని ఏకాగ్రత ఆ విధంగా వారికి అబ్బింది.

వరుడి సింహాసనంలో ఆసీనులై, పక్కనున్న వధువు సింహాసనంలో మంచినీళ్ల సీసా ఉంచుకొని, వారు విదేశ బోధనకు సంబంధించిన ఆచరణీయ సూత్రాలను ఉపదేశించేవారు. ఆవకాయ సీసాను మొదట ప్లాస్టిక్ సంచిలో, తరువాత తువాలులో, ఆపైన ధోవతిలో చుట్టవలెను. కుక్కరు చేతి సామానులో పెట్టరాదు. పెడితే విజిల్ విడిగా జేబులో ఉంచుకొనవలెను. విద్యార్థి ప్రశ్న అడిగితే మెచ్చుకొని రేపు రమ్మనవలెను. రేపు వచ్చి మళ్లీ అడిగితే నిన్న ఎందుకు శ్రద్ధగా వినలేదని కోప్పడవలెను. టై ముడి విప్పరాదు, వదులు చేసి తల దూర్చి తీయవలెను. మళ్లీ కట్టేవాడు అక్కడ దొరకడు. ఈ సూత్రాలకు భాష్యం చెబుతూ వారు పక్షాలు గడిపేవారు. ఒకనాడు సుధాకర్ వినయంగా లేచి, మరి ఇంగ్లీషు ఎట్లా చెప్పాలో కూడా సెలవియ్యండని అడిగాడు.

“అదేముందండీ,” అన్నారు జోగారావుగారు, మెత్తగా నవ్వి. “ఇక్కడ చెబుతున్నారు కదా, అక్కడా అలాగే చెప్పడమే. పాఠం మారదండీ, పిల్లలు మారతారంతే. ఆవకాయ సంగతి రాసుకున్నారా లేదా?”

శిష్యులందరూ ఆవకాయ సంగతి రాసుకున్నారు.

అంతలో వియత్నాంలోని ఒక రేవు పట్నపు బడినుంచి ఉపాధ్యాయులు కావాలని పీఠానికి కబురు వచ్చింది. హాలు నిండా ఉన్న శిష్యులు చప్పట్లు చరిచారు. చేరవలసిన తేదీ చదవగానే చప్పట్లు ఆగిపోయాయి. అది మూఢం నడిమధ్య పడింది. మూఢంలో చదువుకున్నారు, మూఢంలో రుసుము కట్టారు, అయితే మూఢంలో ప్రయాణం కట్టడమా? ఇంటింటా పెద్దలు వద్దన్నారు. యాదయ్య అనే మేడ్చల్ శిష్యుడైతే, శుక్రుడు కనబడేదాకా ఆ దేశాన్ని ఆగమనండని పీఠానికి వినతిపత్రం ఇచ్చాడు. పీఠం దానిని సానుభూతితో పరిశీలించింది కూడా. జోగారావుగారు ఆచార్యులు గనుక పంపేవారే తప్ప పోయేవారు కారు.

చివరకు మిగిలింది సుధాకర్. ఆయనకూ నమ్మకం ఉన్నది. నిత్యం సంధ్య వార్చి, ఇంటినుంచి కాలు బయట పెట్టేముందు తిథి చూసుకునే మనిషి. భార్య మనోరమ దగ్గర కూర్చొని, మూఢంలో సముద్రం దాటితే ఏమవుతుందోనని చాలాసేపు నసిగాడు. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అన్నది: “మూఢంల పోతే ఏమైతదో నాకు తెల్వదు. పోకుంటే ఏమైతదో మంచిగ తెలుసు. పొండ్రి.”

ఆయన పోయాడు. పీఠం ఏకగ్రీవంగా ఎంపిక చేసిన ఉత్తమ అభ్యర్థి అన్న బ్యానర్ కింద ఆయన ఫోటో, జోగారావుగారి ఫోటోలో సగం పరిమాణంలో, మేడ్చల్ చౌరస్తాలో వెలసింది.

అక్కడ మొదటి రోజు తరగతిలో సుధాకర్ పుస్తకం తెరిచి, ఇంగ్లీషు వాక్యం చదివి, అలవాటు చొప్పున తెలుగులో అర్థం చెప్పాడు. పిల్లలు కళ్లు మిటకరించారు. ఇంకొంచెం వివరంగా తాత్పర్యం చెప్పాడు. ఇంకా విశాలంగా మిటకరించారు. అప్పుడు ఆయనకు పరిస్థితి తీవ్రత బోధపడింది. ఈ పిల్లలకు బొత్తిగా తెలుగు రాదు. తెలుగు రాని పిల్లలకు ఇంగ్లీషు చెప్పడమెట్లా? జోగారావుగారి సూత్రాలలో దీనికి పరిష్కారం లేదు. ఆ రాత్రి ఆవకాయతో అన్నం తింటూ, సుధాకర్ ఒక నిర్ణయానికి వచ్చాడు.

మరునాడు ఆయన ప్రధానోపాధ్యాయినికి పిల్లల పునాది బలహీనంగా ఉన్నదని నివేదించాడు. మన దేశంలో ఏ ఉపాధ్యాయుడు ఏ తరగతిలో అడుగుపెట్టినా చేసే మొదటి నివేదిక ఇదే కనుక అందులో అసత్యమేమీ లేదు. ఆమె గౌరవంగా తల వంచి, పునాది వేయవలసిందిగా కోరింది. సుధాకర్ బోర్డు మీద ‘అ’ అని రాశాడు.

పునాది వేయడానికి అనుకున్నదానికన్న ఎక్కువ కాలం పట్టింది. అయితే పిల్లలు గట్టివాళ్లు. గుణింతాలు దాటారు, ఒత్తులు దాటారు. సారు తరగతిలో పుస్తక భాష మాట్లాడినా, కోపం వచ్చినప్పుడూ నవ్వొచ్చినప్పుడూ బహదూర్‌పల్లి భాష మాట్లాడేవాడు. పిల్లలకు ఆ రెండవదే నచ్చింది. ఆరు నెలలకు తరగతిలో గోల మొదలైంది. గోల వింటూ ప్రధానోపాధ్యాయిని వరండాలో నిలబడి సంతోషించేది. ఇంతకుముందు ఉపాధ్యాయుల దగ్గర ఈ పిల్లలు పెదవి విప్పలేదట. ఏ భాషలో విప్పారన్న సందేహం ఆమెకు రాలేదు. రావడానికి ఆమెకు ఇంగ్లీషు రాదు. సుధాకర్‌కు మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉండేది. ఒకనాడు గుండె దిటవు చేసుకొని, ఇగ రేపటినుంచి ఇంగ్లీషని ప్రకటించాడు. ముందు వరుసలో కూర్చునే లిన్ అనే పిల్ల లేచి నిలబడింది.

“ఎందుకు సార్, గిదే మంచిగున్నది గద?”

ఏడాది నిండింది. సుధాకర్ తిరిగి వచ్చాడు. పరమేశ్ ఆయనకు పూలమాల వేసి, పాఠశాల వార్షికోత్సవానికి ఆ దేశపు పిల్లలను కొందరిని రప్పిస్తున్నానని, వాళ్లు వేదికనెక్కి మన సారు నేర్పిన ఇంగ్లీషులో మాట్లాడతారని, బౌరంపేట్ బడికి ఆ రోజుతో తాళమేనని శుభవార్త చెప్పాడు. సుధాకర్‌కు పూలమాల బరువు అప్పుడే తెలిసింది. కుర్సీ చేతికి అందినట్లే అంది, నలుగురు పిల్లల నోళ్లలో ఇరుక్కున్నది. విమానాశ్రయంనుంచి వచ్చేటప్పుడు జీపులో లిన్ పక్కన కూర్చొని ఒకే ఒక ఇంగ్లీషు వాక్యం బతిమాలి నేర్పాడు. ఆ పిల్ల కిటికీలోనుంచి శామీర్‌పేట చెరువు చూస్తూ బుద్ధిగా తల ఊపింది.

ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. వేదిక మీద సింహాసనాలు, వాటిలో పరమేశ్, జోగారావుగారు. ముందు వరుసలో పరమేశ్ తల్లి యాదమ్మ. ఆమె పక్కన మనుమరాలు అశ్రిత, అవ్వకు అర్థమయ్యే మాట ఒక్కటీ ఆడకుండా పెంచబడుతున్న ఉత్తమ విద్యార్థిని. లిన్ మైకు ముందుకు వచ్చింది. సుధాకర్ ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే యాదమ్మ చేతికర్ర జారి నేలమీద పడింది.

“అవ్వా, నీ కట్టె పడ్డది,” అన్నది లిన్ మైకులో. “నువ్వు వంగకు, నడుం పడుతది. నేనొచ్చి తీసిస్త.” మైకు చేత పట్టుకొనే వేదిక దిగి వచ్చి, కర్ర ఎత్తి చేతికిచ్చింది. “మంచిగున్నవా అవ్వా? బువ్వ తిన్నవా?”

యాదమ్మ ఆ పిల్ల ముఖాన్ని రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఎవరి బిడ్డవు తల్లీ? ఎంత సక్కగ మాట్లాడుతున్నవే. మా పిల్ల నాతోని మాట్లాడితే ఆటకు పంపరంట. దాని గొంతు ఎట్లుంటదో మర్చిపోయిన.”

ఆ మాటలన్నీ మైకులోనుంచి హాలంతా వినబడ్డాయి. అశ్రిత అవ్వ వైపు చూసి, తండ్రి వైపు చూసి, తల దించుకున్నది. సుధాకర్ కళ్లు మూసుకున్నాడు. తన ఉద్యోగం పోయిన చప్పుడు వినడానికి సిద్ధపడ్డాడు.

వినిపించినవి చప్పట్లు. తల్లిదండ్రుల సంఘం అధ్యక్షులు కృష్ణారావుగారు లేచి గంభీరోపన్యాసం చేశారు. సోదర సోదరీమణులారా, విదేశీయులు సముద్రాలకు ఆవల కూర్చొని ఇంత శ్రద్ధగా అభ్యసిస్తున్న ఈ భాషను మన పిల్లలకు అందకుండా చేయడం ఘోరమైన అన్యాయం కాదా? విదేశాలలో ఇంత గిరాకీ ఉన్న భాష అని మాకెవరూ ముందుగా ఎందుకు చెప్పలేదు? అని ఆయన గద్గద కంఠంతో ప్రశ్నించారు. తెలుగును వెంటనే విదేశీ భాషగా ప్రవేశపెట్టాలనీ, అందుకు ప్రత్యేక రుసుము చెల్లించుకొనే భాగ్యం తమకు కలిగించాలనీ తీర్మానం జరిగింది. జోగారావుగారు ఈ ఫలితాన్ని తాము సింగపూర్ కిటికీలోనుంచే ఊహించినట్లు వెల్లడించారు.

సుధాకర్‌కు కుర్సీ దక్కింది. అంతర్జాతీయ తెలుగు విభాగాధిపతి. ఆయన ఆనందంతో బోర్డు మీద ‘అ’ అని రాసి, పిల్లలవైపు తిరిగి, తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాడు. పిల్లలు తలుపు వైపు చూశారు. ఆయన లేని ఏడాదిలో తరగతి తలుపులన్నిటికీ అద్దాలు బిగించారు. మూయడానికి చెక్క తలుపు లేదు. ఒక్క బిడ్డా మాట్లాడలేదు. సారు మాటలు అర్థమైనట్లు ముఖం పెట్టడం కూడా తప్పేనని వాళ్లకు తెలుసు.

అద్దం అవతల పరమేశ్ నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, సారును పక్కకు పిలిచి, నొప్పించకుండా నచ్చజెప్పాడు.

“సార్, తెలుగును తెలుగుల చెప్తే ఇంటర్నేషనల్ ఎట్లయితది? ఫీజు కట్టేటోళ్లు ఊకుంటరా? ఇంగ్లీషుల చెప్పుండ్రి.”

తెలుగులో తప్ప ఇంగ్లీషు చెప్పడం రాని సుధాకర్, ఇంగ్లీషులో తప్ప తెలుగు చెప్పకూడని ఆ కుర్సీలో కొన్నాళ్లు కూర్చొని చూశాడు. పిల్లలకు అయిదు వారాలైనా ‘ఆ’ రాలేదు. ఇంటికి వచ్చి మనోరమను సామాను సర్దమన్నాడు. ఈసారి ఇద్దరికీ. తరువాత వియత్నాం బడికి ఫోను చేసి, మళ్లీ రావచ్చునా అని అడుగుదామని మాటలు కూడబలుక్కుంటుండగానే అవతల రిసీవరు లిన్ చేతిలో పడింది.

“ఎవరూ, సారా? జల్దీ రండ్రి సార్. మీరు పోయిన కాడికెల్లి ఒక్కడు మాట్లాడెటోడు లేడు. అందరం మస్తు పరేషాన్‌ల ఉన్నం.”

ఆ దంపతులు వెళ్లిపోయారు. అక్కడ తరగతి ఇప్పుడు పెద్దదైందని, ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో మూడవ పాఠం దాకా కూడా వచ్చారని తెలుస్తున్నది. బహదూర్‌పల్లిలో విభాగాధిపతి పదవికి బౌరంపేట్‌నుంచి సింగపూర్ సారును గుంజుకొచ్చారు. కావున, తమ బిడ్డలు అవ్వలతో నాలుగు మాటలు మాట్లాడితే వినాలని ఆశపడే ఈ ప్రాంతపు తల్లిదండ్రులు, ఆలస్యం చేయక పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకొనవలెను.