కెటిల్‌లో కార్బ్యురేటర్

డిసెంబరు ఆరో తారీఖు పొద్దున కలెర్వో పెట్టుకున్న పని చాలా చిన్నది. మంచు మీద నడిచే స్నోమొబైల్ స్టార్ట్ చెయ్యాలి, గడ్డకట్టిన సరస్సు దాటాలి, దీవిలో ఒంటరిగా ఉంటున్న అత్తగారు హిల్యాను వెనక కూర్చోబెట్టుకుని తమ దేశ స్వాతంత్ర్య దినం కాఫీకి తీసుకురావాలి. రానూపోనూ అరగంట.

హిల్యా దీవి దాటక అయిదు వారాలైంది. ఏటా ఇంతే. పడవను కదలనివ్వనంత గడ్డకట్టి, బండిని మోసేంత గట్టిపడని సరస్సు ఆవిడను ఇంట్లో కూర్చోబెడుతుంది. ఈసారి కాఫీ పొడి కూడా మూడు రోజుల క్రితమే అయిపోయింది. ఎనభై రెండేళ్ల హిల్యా చలిని, ఏకాంతాన్ని, అల్లుడిని భరించగలదు గానీ కాఫీ లేకపోవడాన్ని భరించలేదు. పొరుగింటి ఉర్పో నిన్న సరస్సుకు రంధ్రం చేసి మందం కొలిచి, ఇక బండి వెళ్లొచ్చని చెప్పాడు.

"బండి సిద్ధంగా ఉందా?" అని అడిగింది ఇర్మెలి, యాలకుల బన్నులు ఓవెన్‌లో పెడుతూ.

"వసంతంలోనే అంతా నా చేత్తో చేసి పెట్టాను. మెకానిక్కు ఇచ్చేదానితో చలికాలానికి సరిపడా కట్టెలొస్తాయి" అన్నాడు కలెర్వో. షెడ్డు గోడకు ఆయన రాసుకున్న జాబితా ఇంకా వేలాడుతోంది. పెట్రోలు తోడెయ్యడం దగ్గర్నుంచి ఎలుకలు దూరకుండా చూడటం దాకా తొమ్మిది పనులు, తొమ్మిది టిక్కులు.

"అమ్మ అల్లిన మేజోళ్లు వేసుకెళ్లు. అడుగుతుంది."

"ఒక్కటే ఉందిగా. రెండోదాన్ని మే నెలలోనే నీ వాషింగ్ మెషిన్ మింగేసింది."

ఈ మాటే కలెర్వో అత్తగారికీ చెప్పాడు. దాంతో యాభై ఆరేళ్ల ఇర్మెలి వేసవంతా తల్లి దగ్గర ఫోనులో బట్టలు ఉతకడం నేర్చుకుంది.

కలెర్వో కొత్త పెట్రోలు పోసి స్టార్టరు తాడు లాగాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ముప్పై సార్లు లాగేసరికి ఆయనా దగ్గడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకి ఉర్పో వచ్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"కార్బ్యురేటరే. వేసవంతా జిగురు పట్టి ఉంటుంది" అన్నాడు. "నిమ్మరసం కలిపిన నీళ్లలో ఉడకబెట్టు. మా బావమరిది అలాగే చేశాడు."

"ఆయన బండి నడుస్తోందా?"

"అమ్మేశాడు."

కార్బ్యురేటర్ పట్టేంత పెద్ద మూతి ఉన్నది ఇంట్లో ఒక్కటే. పెళ్లికి అత్తగారు ఇచ్చిన రాగి కాఫీ కెటిల్. ఇర్మెలి పై గదిలో బల్లగుడ్డ వెతుకుతున్న అయిదు నిమిషాల్లో అది పొయ్యెక్కింది. ఆమె కిందికి దిగేసరికి స్పార్కు ప్లగ్గులు కూడా ఆరడానికి ఓవెన్‌లో బన్నుల పక్కన చేరాయి. వంటిల్లంతా యాలకులు, పెట్రోలు కలిసిన వాసన.

అప్పుడే ఫోను మోగింది.

"వాడు బయల్దేరాడా?" అంది హిల్యా.

"బయల్దేరుతున్నాడమ్మా."

"కెటిల్ పొయ్యి మీద పెట్టావా?"

ఇర్మెలికి అబద్ధం చెప్పడం రాదు. "పొయ్యి మీదే ఉంది. కాకపోతే అందులో కార్బ్యురేటర్ ఉంది."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

మధ్యాహ్నం అయింది. ఆ ఉత్తరాన చలికాలంలో పగలంటూ ఉండే రెండు గంటల మసక వెలుతురులో కలెర్వో కార్బ్యురేటర్ బిగించాడు, వేడి ప్లగ్గులు పెట్టాడు, ఇర్మెలి జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఇంజను వెచ్చచేశాడు. ఇంజను మళ్లీ రెండుసార్లు దగ్గింది. తప్పు కిందెక్కడో ఉందని ఉర్పో తేల్చాడు. ఇద్దరూ ఆవిరిస్నానపు గది సౌనాలో కూర్చునే బల్ల మోసుకొచ్చి బండి ముందుభాగాన్ని దానిమీదికి ఎత్తారు. కింద పడుకుని చూడాల్సింది నువ్వంటే నువ్వని వాదించుకుంటూ ఉండగా ఇర్మెలి మెట్ల మీదికొచ్చింది.

"సరస్సు మీద ఎవరో వస్తున్నారు."

చుక్కంత ఆకారం దగ్గరయ్యేకొద్దీ హిల్యా అయింది. ముందు కుర్చీ, కింద రెండు పొడుగాటి ఇనుప పట్టీలు ఉన్న తన్నుడుబండి మీద, ఒక కాలు మోపి రెండో కాలితో మంచును తంతూ ఆవిడ రెండు కిలోమీటర్లు వచ్చేసింది. కుర్చీలో ఆవిడ సొంత కెటిల్ ఉంది.

"అత్తయ్యా, నేనే వస్తున్నాను కదా" అన్నాడు కలెర్వో.

"చూస్తున్నా. పొద్దున్నించీ వస్తూనే ఉన్నావు."

ఆవిడ కెటిల్ కూతురి చేతికిచ్చి, ఊపిరి తీసుకోవడానికి తన కుర్చీలోనే కూలబడింది. ఆ పొట్టి కుర్చీలో కూర్చుంటే ఆవిడ కళ్లు సరిగ్గా, బల్లమీదికెక్కిన బండి పొట్టకు ఎదురుగా వచ్చాయి. కాసేపు అటే చూసింది.

"అల్లుడూ, నీ బండికి మేజోడు ఎవరు తొడిగారు?"

ఎవరికీ అర్థం కాలేదు. హిల్యా ముందుకు వంగి, పొగగొట్టంలోకి రెండు వేళ్లు పెట్టి లాగింది. సగానికి పైగా మసిబారిన బూడిదరంగు ఉన్ని మేజోడు నెమ్మదిగా, పొడుగ్గా బయటికొచ్చింది. పై అంచున ఎర్ర చార.

కలెర్వోకు మే నెల గుర్తొచ్చింది. వాన మొదలవుతోంది, చేతికి గుడ్డపేలిక దొరకలేదు, బట్టలారేసే తీగ పక్కనే ఉంది.

"ఎలుకలు దూరకుండా" అన్నాడు.

ఇర్మెలి షెడ్డులోకి వెళ్లి జాబితా చదివింది. "తొమ్మిదో పని. టిక్కు కూడా పెట్టావు."

ఉర్పోకు ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది. ఏం పనో చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఏం చేయాలో తోచక కలెర్వో స్టార్టరు తాడు లాగాడు. ఇంజను ఒక్క లాగుకే అందుకుని, ఇంతవరకూ ఏమీ జరగనట్టు హాయిగా మోగింది.

"ఆపు" అంది హిల్యా. ఆపాడు. "ఇర్మెలీ, నువ్వెళ్లి కాఫీ పెట్టు, నా కెటిల్‌లో. మేజోడు అల్లుడు ఉతుకుతాడు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, సబ్బు కొంచెమే వెయ్యాలి, మెలిపెట్టి పిండకూడదు. ఎలా ఉతకాలో వేసవంతా చెప్పి చెప్పి నాకు బాగా నోటికొచ్చింది."

సాయంత్రం ఆరింటికి, ఆ పండగ ఆనవాయితీ ప్రకారం, ఊళ్లో అన్ని కిటికీల్లాగే వాళ్ల కిటికీలోనూ రెండు కొవ్వొత్తులు వెలిగాయి. పొయ్యి పైన తీగమీద రెండు మేజోళ్లు ఆరుతున్నాయి, ఒకటి బూడిదరంగు, ఒకటి ఎంత ఉతికినా మసి వదలని నలుపు. హిల్యా మూడో కప్పు కాఫీ తాగుతూ, బన్నుల్లో యాలకులు సరిపోయాయనీ పెట్రోలు కాస్త ఎక్కువైందనీ చెప్పింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా వాషింగ్ మెషిన్‌ను ఎవరూ ఏమీ అనరు, ముందు షెడ్డులోకి వెళ్లి చూసొస్తారు.