బోరు డబ్బుతో కొన్న రగ్గులు

శుక్రవారం పొద్దున గడ్డం గీయించుకుని, ఇంటికి ఫోన్ చేసి, మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకోవాలన్నది జలంధర్ ఆలోచన. ప్రపంచ కప్పు కోసం దోహాలో కడుతున్న స్టేడియానికి పరంజీలు కట్టే మనిషి, వారానికి అతనికి దక్కే సుఖం అదొక్కటే. సగం గడ్డం గీశాక మంగలి టీవీ చూస్తూ హిందీలో ఒక ముక్క చెప్పాడు. కొత్త నోట్లు వస్తున్నాయట, పాతవి వెనక్కి తీసుకుంటారట. మిగతా సగం గడ్డంతోనే జలంధర్ లేచి బయటపడ్డాడు.

అతని కంగారుకు కారణం ఉంది. మన దగ్గర పెద్ద నోట్లు రద్దయినప్పుడు, భార్య గంగామణి పప్పు డబ్బాలో దాచి మరిచిపోయిన నోట్లు గడువు దాటాక బయటపడ్డాయి. బ్యాంకులో వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు లేబర్ క్యాంప్‌లో తన గదిలోవాళ్ల చిట్టి డబ్బు అతని పెట్టెలోనే ఉంది. ఈసారి చిట్టి పాడుకున్నది భూమేష్, డబ్బు దాచమని జలంధర్‌కే ఇచ్చాడు. ఊళ్లో బోరు ఎండిపోయి, కొత్తది వేయించడానికి ఆ డబ్బు మీదే ప్రాణం పెట్టుకున్నాడు. డ్యూటీలో ఉన్నవాణ్ని అడిగే వ్యవధి లేదనుకున్నాడు జలంధర్.

అల్ దోహా అల్ జదీదా పేటలో హమీదుద్దీన్‌కు దుకాణం ఉంది. నిజామాబాద్ మనిషి, జీతాలు ఆగినప్పుడల్లా క్యాంప్‌కు అరువిచ్చినవాడు. నోట్లు చెల్లకుండా పోయేలోగా సరుకైనా మిగులుతుందని జలంధర్ మొత్తం డబ్బు పెట్టి రగ్గులు కొన్నాడు. ఆయన నవ్వుతూ నోట్లు తీసుకుంటుంటే, పాపం ఈయనకింకా తెలియదు కదా అని జాలీ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. చెబుదామని నోరు తెరిచి, బోరు గుర్తొచ్చి మూసుకున్నాడు.

క్యాంప్‌లో పక్క మంచం రాజనర్సుకు మాత్రం, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని చెప్పాడు. సాయంత్రానికి క్యాంప్ క్యాంపంతా దుకాణం మీద పడింది. రగ్గులైపోతే ఫ్లాస్కులు, అవీ అయిపోతే పెళ్లికాని కుర్రాళ్లు పాలసీసాలు కొన్నారు. ఇంత చలి రాబోతోందా అని హమీదుద్దీన్ చివరి రగ్గు తన కోసం దాచుకున్నాడు.

భూమేష్ డ్యూటీ నుంచి వచ్చేసరికి అతని మంచం రగ్గుల కింద ఎక్కడో ఉంది. జలంధర్ గొప్పగా సంగతంతా చెప్పాడు. గొడవ విని వచ్చిన టైమ్‌కీపర్ శ్రీరామమూర్తి తల పట్టుకున్నాడు.

"పాత నోట్లు ఇంకా నెలల తరబడి చెల్లుతాయయ్యా. అచ్చేసిన పెద్ద బ్యాంకే వాటికి బదులు కొత్తవిస్తుంది. కాగితానికి విలువేముంది, ఆ బ్యాంకు మాటకి గానీ."

భూమేష్ రగ్గుల మీదే ఒక పక్కకు ఒరిగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది జలంధర్‌కు.

ఆదివారం సాయంత్రం అతను రగ్గులన్నీ వ్యాన్‌లో వేసుకుని దుకాణానికి వెళ్లాడు. రంగు నచ్చలేదని చెబుదామనుకున్నాడు కానీ, హమీదుద్దీన్ చాయ్ తెప్పించేసరికి అబద్ధం నోట రాలేదు. జరిగిందంతా చెప్పేశాడు.

"చెల్లవని తెలిసే నాకిచ్చినవా?" అని అడిగాడు హమీదుద్దీన్.

"తెలిసే ఇచ్చిన, భాయ్."

ఆయన చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. జలంధర్ సిగ్గుతో చచ్చిపోయాడు. తరువాత హమీదుద్దీన్ రగ్గులు లోపల పెట్టించి, ఒక్క రియాల్ కూడా తగ్గించకుండా డబ్బు వాపసు చేశాడు. పాతవన్నీ ఆ పొద్దున్నే బ్యాంకులో కట్టేసి కొత్తవి తెచ్చుకున్నాడు కాబట్టి, చేతిలో పెట్టినవన్నీ కొత్త నోట్లే.

జలంధర్ పరుగున వచ్చి వాటిని భూమేష్ ముందు పెట్టాడు. భూమేష్ చెయ్యి చాపలేదు.

"నేను దాచమనిచ్చిన నోట్లే నాకియ్యి అన్నా."

"ఇవి కొత్తయిరా. అన్నింటికన్న మంచియి."

"నోట్ల మీద నాకేం అనుమానం లేదు. నువ్వు మంచియంటున్నవ్ సూడు, గదే భయమైతాంది."

మరునాడు ముషైరిబ్‌లోని బ్యాంకులో జనమంతా పాత నోట్లిచ్చి కొత్తవి తీసుకుంటుంటే, డ్యూటీకి నాగా పెట్టి వచ్చిన ఒకే ఒక్క మనిషి కొత్తవిచ్చి పాతవి అడుగుతూ తలదించుకుని నిలబడ్డాడు.