తోటి తల్లుల కమిటీ

"ఇక మీదట మన వార్డులో ఏ పసికందూ పాలందక ఏడవదు!" అని వార్డు నాయకుడు సిద్దిరాములు దిల్‌సుఖ్‌నగర్‌లో మైకు పట్టుకుని ప్రకటించారు. పసికందులు ఆ సంగతి ఇంకా తెలియక ఆ సాయంత్రమూ యథావిధిగా ఏడ్చారు.

కాలనీ కమ్యూనిటీ హాలు మేడ మీది గదిలో స్వరూపరాణి మూడేళ్లుగా ప్రతి మంగళవారం చాప పరిచి కూర్చుంటోంది. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి పెంచిన మనిషి. కొత్త తల్లులు వస్తారు. బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, పాలు పడలేదని అత్తగారు తేల్చేస్తే ఏం చేయాలో ఒకరికొకరు చెప్పుకుంటారు. బోర్డు లేదు, రిజిస్టరు లేదు, ప్రారంభోత్సవం అసలే లేదు. కాబట్టి నాయకుడి లెక్కలో అలాంటిదేదీ లేదు. ఆ లోటు తీర్చడానికే ఆయన పూనుకున్నారు.

ముందుగా 'తోటి తల్లుల సహాయ కమిటీ' వేశారు. పదకొండు మంది సభ్యులు. పదకొండు మందీ మగవాళ్లే.

"అన్నా, ఒక్క ఆడమనిషి సుత లేదేంది?" అని అడిగింది స్వరూపరాణి.

"పోయిన ఎలక్షన్ల మస్తు కష్టపడ్డోళ్లు చెల్లె. ఒక్కనికి పదవి రాలే. అయినా అందరికీ తల్లులున్నరు గదా!"

ఈ వాదనలో లోపం ఎక్కడుందో ఆమె ఇంటికెళ్లేదాకా వెతికింది.

ప్రారంభోత్సవం మంగళవారం పది గంటలకు. తొమ్మిదిన్నరకే తేజస్విని తొమ్మిది రోజుల పాపతో ఆటో దిగింది. పాప రొమ్ము పట్టడం లేదు. గురువారానికి బరువు పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు. మేడెక్కితే గుమ్మానికి అడ్డంగా రిబ్బను, రిబ్బనుకు కాపలాగా పార్టీ కార్యకర్త రాజు.

"కాసేపు లోపల కూర్చోనివ్వండి బాబూ, పాప ఏడుస్తోంది," అంది తేజస్విని.

"కింద నుంచి వంగి పోతం తమ్మీ," అంది అప్పటికే చాపతో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డ స్వరూపరాణి.

"అట్లెట్ల అక్కా? మీరు పోతే ప్రారంభం అయిపోయినట్టే గదా. ఇగ సార్ వచ్చి ఏం చేస్తడు? ఎల్బీనగర్ దాటిండట, ఒచ్చేస్తున్నడు."

పావుగంట దూరంలోని ఎల్బీనగర్ నుంచి సారు మూడు గంటల్లో వచ్చేశారు.

ఈలోగా ఇద్దరూ మెట్ల మీదే కూర్చున్నారు. స్వరూపరాణి చున్నీ అడ్డం పట్టింది.

"పొట్టకు పొట్ట ఆనియ్. నోరు పెద్దగ తెరిచినప్పుడే దగ్గరికి తీస్కో."

"రావట్లేదక్కా."

"ఒస్తది. నా పెద్దోనికి పన్నెండు దినాలు పట్టింది."

నాలుగోసారికి పాప పట్టుకుంది. గుటకలు వినిపించాయి. అప్పటిదాకా పాప ఏడ్చింది, ఇప్పుడు తేజస్విని మొదలుపెట్టింది.

సిద్దిరాములు వచ్చి రిబ్బను కత్తిరించి, తల్లిపాల మహిమ గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. గదిలో కమిటీకి పన్నెండు కుర్చీలు, పెద్ద బల్ల వేయడంతో చాప పరిచే చోటు లేకుండా పోయింది.

గురువారం తూకంలో పాప డెబ్బై గ్రాములు పెరిగింది. ఇది కమిటీ పరిశీలనకు రాలేదు.

తరువాతి మంగళవారం గది తలుపు మూసి ఉంది. లోపల కమిటీ తొలి సమావేశం. స్వరూపరాణి, తేజస్విని, ఇంకో ఐదుగురు తల్లులు పసివాళ్లతో మెట్ల మీద సర్దుకున్నారు. సిద్దిరాములు గొంతు బయటికి వినిపిస్తోంది:

"గింత మంచి సౌకర్యం చేస్తే ఒక్క తల్లి సుత రాకపోవుడేంది?"

పన్నెండింటికి తలుపు తెరుచుకుంది. ముందుగా రాజు వచ్చాడు.

"అక్కా, జర జరుగుండ్రి. కమిటీ దిగుతున్నది. తల్లులు ఎందుకొస్తలేరో ఇంటింటికి పోయి అడగాలెనని తీర్మానమైంది."

తల్లులు గోడకు ఒదిగారు. సిద్దిరాములు ముందు, పదకొండు మందీ వెనక, పసివాళ్ల కాళ్లు తొక్కకుండా ఎంతో జాగ్రత్తగా, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్లారు.