సముద్రం చూడటానికి అయిదు కారణాలు

అరవై అయిదు దాటిన మనిషి కారణం లేకుండా కదలడు. ఈ సంగతి లోకానికి ఎప్పటి నుంచో తెలుసు. దాన్ని ఫారంగా అచ్చు వేయించిన ఘనత మాత్రం నంద్యాలలోని వృద్ధుల ప్రయాణ హేతు నిర్ధారణ కేంద్రానిది. ఈ వయసువారు జిల్లా దాటే బస్సెక్కాలంటే కేంద్రం ఇచ్చే నంబరు ఉండాలి. నంబరు రావాలంటే యాప్‌లో ఉన్న అయిదు కారణాల్లో ఒకటి నొక్కాలి: దైవదర్శనం, వైద్యం, పెళ్లి, మనవల పెంపకం, అస్థికల నిమజ్జనం. దేనికైనా ఆధారం జతచేయాలి. (పెళ్లికి శుభలేఖ. వైద్యానికి స్కానింగు. దైవదర్శనానికి మొక్కు మొక్కిన తేదీ, ఇద్దరు సాక్షులు.)

ఆళ్లగడ్డలో స్టీలు సామాన్ల అంగడి నడిపే మాధవయ్య భార్య వాసవాంబకు డెబ్భై ఒకటి. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను ఏడాది ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు. భర్తతో సూర్యలంక వెళ్లి చూడాలనుకుంది. ఆ అనుమతి కోసం మూడుసార్లు నంద్యాల వచ్చింది. (జిల్లా లోపల ఎన్నిసార్లు తిరిగినా కేంద్రానికి అభ్యంతరం లేదు.)

మొదటిసారి హేతు అధికారి అజయ్ కుమార్ ఆమెను విచారించాడు.

“యాడికి పోవల్లవ్వా?”

“సముద్రం కాడికి.”

“ఏం పని?”

“సూడల్ల.”

“సూసి?”

“సూసి ఇంటికొస్తా.”

అజయ్ కుమార్ పెన్ను కింద పెట్టాడు.

“కండ్లు బాగలేవంటాండావు గదా, వైద్యం కింద రాద్దాం. ఆడ ఆస్పత్రి ఉందా?”

“ఆడ నీళ్లుంటాయప్పా.”

“పోనీ, గుడి?”

“అహోబిలమే నలభై తూర్లు పోయినా. ఇంగా పోతే ఆ సామే విసుక్కుంటాడు.”

“నలభై ఒకటో తూరని రాస్తా. నంబరు బిన్నా వస్తాది, ఒక దినం గూడా పట్టదు.”

“అహోబిలం మన జిల్లానే గదప్పా, ఆడ సముద్రం యాడుంది?”

ఫైలు ఉన్నత హేతు సంఘానికి వెళ్లింది. రెండోసారి వచ్చినప్పుడు సంఘం జవాబు సిద్ధంగా ఉంది: ‘చూడటం కారణం కాదు. చూసినందువల్ల కలిగే ప్రయోజనాన్ని తెలుపగలరు.’ ప్రయోజనం ఏమీ లేదని వాసవాంబ రాసిచ్చింది. సంఘం ఆమె నిజాయితీని మెచ్చుకుంటూ తిరస్కరించింది.

మూడోసారి అజయ్ కుమార్ గొంతు తగ్గించాడు.

“అస్థికల కింద పెడితే ఇంతవరకు ఒక్కటీ వాపసు రాలేదవ్వా. సముద్రానికి సరిపోతాది గూడా. ఎవరివైనా ఉండాయా?”

“మా ఇంట్లో ఎవరూ పోలేదే!”

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్న మాధవయ్య వైపు చూశారు. ఆయన పేపరు మడిచాడు.

“రాసుకోప్పా. అంగట్లో కూసునేదానికి బతికుండల్లని రూలేమన్నా ఉందా?”

“నోరు మూసుకో,” అంది వాసవాంబ. “నిన్నిడిచిపెట్టి నేనొక్కదాన్నే పోవల్లనా?”

“ఇడిచిపెట్టేదేముందవ్వా?” అన్నాడు అజయ్ కుమార్. “అస్థికలు లేకుంటే నిన్ను బస్సే ఎక్కనియ్యరు.”

మరణం పదకొండు నిమిషాల్లో నమోదైంది. (బతికున్నట్టు నిరూపించడానికి ఏటా మాధవయ్య వేలిముద్ర నాలుగైదుసార్లు పడదు. చనిపోయినట్టు మొదటిసారే పడింది.)

గురువారం బస్సులో కండక్టరు అనిత వాసవాంబ నంబరు చూసింది.

“అస్థికలు యాడుండాయవ్వా?”

వాసవాంబ పక్క సీటు చూపించింది. అక్కడ మాధవయ్య బొరుగులు తింటున్నాడు. అనిత ఆయన్ను చూసింది, మిషను చూసింది. మిషనులో ఇలా ఉంది: ‘మాధవయ్య. మృతుడు. కారణం అవసరం లేదు.’

“అంతా సరిగ్గానే ఉంది,” అని విజిలు వేసింది.

కేంద్రం మొదలైన నాటి నుంచి నేటి వరకు కారణం చెప్పకుండా జిల్లా దాటిన వృద్ధుడు మాధవయ్య ఒక్కడే. ఆ అర్హత కోసం ఆయన చేయాల్సి వచ్చింది కూడా ఒక్కటే, చనిపోవడం.