పసుపు చేప నోరు విప్పిన వైనం

"ఈ బ్ర్నో నగరంలో నేరమనేది పుట్టాలంటే, ఒరేయ్ రాడిమ్, ముందు నన్ను తలుచుకుని రెండుసార్లు వణకాలి!"

ఈ మాట అన్నవాడు నా మిత్రుడు ఒత్మర్. మా గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పుకుంటూ అన్నాడు. ఇరవై ఏళ్లుగా ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేస్తున్నాడు. మొహం చూస్తే చాలు, దొంగ దొరికిపోతాడని అతని నమ్మకం. ఇంతవరకూ అతను పట్టిన పెద్ద దొంగ కింది అంతస్తు వాళ్ల పిల్లి. అది కూడా నిర్దోషి అని తర్వాత తేలింది.

ఇంట్లో తొడుక్కోడానికి మిగిలినవి మా ఆవిడ చెప్పులే. గులాబీ రంగువి, కుచ్చులున్నవి. వాటిలోకి పాదాలు సగం దూర్చి డిటెక్టివ్ లోపలికి వచ్చాడు.

నాకు నవ్వే ఓపిక లేదు. మాతోనే ఉండే మా మామగారు బోజివోయ్ మూడు వారాల క్రితం మోకాళ్ల నొప్పులకి వేడినీటి ఊటల దగ్గరికి వెళుతూ, తన ఆఫ్రికా చేపల తొట్టిని నాకు అప్పగించారు. తొమ్మిదేళ్లలో ఆయన నన్ను నమ్మి చేతికిచ్చిన మొదటి వస్తువు అది. అంతకుముందు సీసా మూత తియ్యమని కూడా ఇవ్వలేదు. ఆయన వెళ్లిన మర్నాటి నుంచే, ఆయన ప్రాణంగా చూసుకునే పసుపు చేప మేత ముట్టడం మానేసింది. దాని గడ్డం కింద ఉబ్బింది. రోజూ ఫోనులో "అన్నీ బావున్నాయి మామగారూ" అని అబద్ధమాడాను. ఈ మధ్యాహ్నం ఆయన దిగుతున్నారు. మా ఆవిడ స్టేషనుకు వెళ్లింది. దిక్కుతోచక నేను ఒత్మర్‌ని పిలిచాను.

ఒత్మర్ తొట్టి అద్దానికి ముక్కు ఆనించాడు.

"విషప్రయోగం!"

"చేసేదెవర్రా?"

"లోపలివాడి పనే. రాళ్ల వెనక నక్కిన ఆ నీలం వాణ్ణి చూడు. చారల చొక్కా! జైలు గోడ దూకి సరాసరి ఇక్కడికే వచ్చాడు."

"పుట్టుకతో వచ్చిన చారలురా అవి. మలావీ సరస్సులో వాటి చుట్టాలన్నీ అంతే."

"ముఠా అన్నమాట. రాసుకో. సరే, మేత ఏం పెట్టావు?"

"మామగారిచ్చిన నాచు బిళ్లలే. ఒక్క ఆదివారం మాత్రం క్నెడ్లీక్ పిండిముద్దలోంచి చిటికెడు వేశాను. ముట్టలేదు."

"మీ ఆవిడ ఉడికించిన ముద్దేనా?"

"అవును."

"ఆమె పేరూ రాసుకో."

నేను ఏదీ రాసుకోలేదు.

"బాధితురాలిని రక్షణలోకి తీసుకుంటున్నాను. స్నానాల టబ్బులో వేద్దాం."

"అందులో కార్ప్ చేప ఉందిరా!"

డిసెంబరు ఇరవై మూడున మా ఊళ్లో ఎవరింట టబ్బులో క్రిస్మస్ విందుకి కొన్న కార్ప్ ఈదదు? నాలుగు రోజులుగా మేమంతా సింకు దగ్గరే స్నానం కానిచ్చేస్తున్నాం.

"మరీ మంచిది. కాపలా కాస్తుంది" అంటూ ఒత్మర్ వలతో పసుపు చేపను లేపి, తొట్టి నీళ్లతో నింపిన జగ్గులో వేసుకుని బయలుదేరాడు.

"ఒరేయ్ ఆగరా, అవి మంచులాంటి నీళ్లురా, చచ్చిపోతుందిరా!" అని వెంటపడ్డాను.

అతను జగ్గు వంచబోయాడు. కార్ప్ తోకతో ఒక్కటి చరిచింది. టబ్బు నీళ్లు డిటెక్టివ్ మొహాన పడ్డాయి. గులాబీ చెప్పు జర్రున జారింది. ఒత్మర్ వెళ్లి టబ్బులో కార్ప్ పక్కన కూలబడ్డాడు. జగ్గును మాత్రం రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. జన్మలో అతను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఆ కుదుపుకి పసుపు చేప నోరు తెరిచింది. అందులోంచి బియ్యపు గింజంత చేపపిల్ల ఒకటి బయటికొచ్చింది. తర్వాత ఇంకోటి. పంతొమ్మిది లెక్కపెట్టేసరికి వెనక తలుపు తెరుచుకుంది.

"నా టబ్బులో ఎవడయ్యా?" అన్నారు మామగారు, టోపీ తియ్యకుండానే.

"కేసు తేలిపోయింది సార్!" అన్నాడు ఒత్మర్ నీళ్లలోంచే. "పంతొమ్మిది మంది! టికెట్ లేకుండా! తల్లి నోట్లో!"

మామగారు జగ్గులోకి వంగి చూశారు.

"ఆరేళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదోయ్" అన్నారు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగారు. "ఇది గుడ్లని నోట్లోనే పొదుగుతుంది. అన్నాళ్లూ మేత ముట్టదు. గాభరా పెడితే మింగేస్తుంది. నాలుగేళ్లుగా ఆత్రం కొద్దీ తొట్టి చుట్టూ తిరిగి ప్రతిసారీ నేనే చెడగొట్టాను. నువ్వు చెయ్యి పెట్టకుండా ఓర్చుకున్నావు చూడు... భేష్ అల్లుడూ!"

తొమ్మిదేళ్లలో ఆయన నోట ఆ పిలుపు రావడం అదే మొదలు. చెయ్యి పెట్టనిది భయం చేత అని నేను చెప్పలేదు. కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు మామగారు కత్తి నూరుతుంటే ఒత్మర్ బాత్రూం తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"కార్ప్ ఈ కేసులో ప్రత్యక్ష సాక్షి. సాక్షి మీద చెయ్యి పడనివ్వను."

మామగారు ఆనందంలో ఉన్నారు. కత్తి పక్కన పెట్టేశారు. మా పండగ విందు బంగాళాదుంప సలాడ్‌తోనే సరిపోయింది.

సాక్షిని నదిలో వదలడానికి బకెట్‌తో ట్రాము ఎక్కాం. ఒత్మర్ మూడు టికెట్లు తీశాడు.

"ఇద్దరమే కదరా?" అన్నాను.

అతను బకెట్‌లోకి తొంగిచూసి తల పంకించాడు.

"వీడికి ఆరేళ్లు దాటాయిరా. మొహం చూస్తేనే తెలియడం లేదూ?"