రొట్టె బండిలో ఉంది

ఆ రోజు పని చాలా తేలిక. ఆహో ఊరి బయట వారం రోజులుగా మకాం వేసిన ఆరు ఆర్వీలూ, అంటే పడకా పొయ్యీ ఉన్న ఇంటి బండ్లు, పొద్దున్న తొమ్మిదింటికి బయలుదేరి, ఎడారి రోడ్డు మీదుగా మధ్యాహ్నం భోజనం వేళకి టూసాన్ చేరాలి. అందరికన్నా ముందు వెండెల్ హాగెన్ బండి నడవాలి. ఆ గౌరవం వంతుల ప్రకారం వస్తుంది. వెండెల్‌కి అది రావడం ఇదే మొదటిసారి. అందుకని ఆయన టైర్లలో గాలి రెండుసార్లు చూసుకున్నాడు, అద్దం తుడిచాడు, ఎన్నడూ లేనిది ప్రయాణం రోజున గడ్డం కూడా గీసుకున్నాడు. గడ్డం సగం గీసుకుని ఉండగా భార్యతో గొడవ మొదలైంది.

"యూమాలో ఆ స్థలం సంగతి ఏం చేద్దాం?" అంది మార్లిస్, బండ్లు నిలుపుకునే పార్కు వాళ్ళు పంపిన కాగితం ఆయన మొహం ముందు పెట్టి. "ఈ వారంలో చెప్పకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట."

"చూద్దాంలే."

"నీ భాషలో 'చూద్దాంలే' అంటే 'వద్దు' అని. పెళ్ళయిన ఏడాదే తెలుసుకున్నాను."

హాగెన్ దంపతులు మిన్నెసోటాలో నలభై ఒక్క ఏళ్ళు పాడి చేశారు. ఆవుకి ఆదివారం లేదు. రోజుకి రెండు పూటలా పాలు పితకాలి కాబట్టి వాళ్ళు ఏ ఊరూ వెళ్ళలేదు. కొట్టంలో పాలతొట్టి పైన గోడకి మార్లిస్ ఏటా ఒక కేలండర్ తగిలించేది. కేలండర్ మారేది గాని అందులో బొమ్మ ఎప్పుడూ ఎడారే. ఎర్రటి కొండలు, నిలువెత్తు ముళ్ళచెట్లు. రెండేళ్ళ కిందట వెండెల్ ఉన్నట్టుండి ఆవుల్ని పొరుగు రైతు ఆర్నీకి అమ్మేసి, ఈ పొడుగాటి బండి కొని ఇంటి ముందు నిలబెట్టి, "పద, నీ ఎడారి చూద్దాం" అన్నాడు. అప్పట్నుంచి చలికాలమంతా వాళ్ళ పడక, పొయ్యి, పంచాయితీ అన్నీ ఆ బండిలోనే.

"ఎక్కడా రెండు రోజులు నిలవనివ్వవు. దుప్పటి పరిచేలోపు బండి కదులుతుంది," అంది మార్లిస్.

"ఎడారి చూస్తానన్నది నువ్వే కదా!"

"సరే, అది పోనీ. ఆ ఫోనేమిటి?"

వెండెల్ చేతిలో కత్తి ఆగింది. "ఏ ఫోను?"

"రోజూ తెల్లారకుండా నాలుగున్నరకి లేచి, టైర్లు చూసొస్తానని బయటికి పోతావే, టైర్లతో ఫోనులో మాట్లాడతావా?"

"అది... టైర్ల కంపెనీ వాడు..."

"టైర్ల కంపెనీ వాణ్ణి 'నా బంగారు తల్లీ, తిన్నావా' అంటావా?"

సబ్బు నురుగు కింద వెండెల్ మొహం ఎర్రబడింది. మార్లిస్ ఒక్క నిమిషం ఎదురుచూసి, వెనక పడకగదిలోకి వెళ్ళి తలుపు దడాల్న వేసుకుంది.

మిగిలిన సగం గడ్డం గీసుకుని వెండెల్ కిందికి దిగాడు. నీళ్ళ గొట్టం, కరెంటు తీగ విప్పాలి. అవి బండికి ఎడమవైపు ఉంటాయి. తలుపేమో కుడివైపు. ఆయన అటు వంగి ఉండగా మార్లిస్ ఇటు నుంచి ఇంటి చెప్పులతోనే దిగింది. ఫోను మంచం మీదే వదిలేసి, పడకగది తలుపు మాత్రం అలవాటుగా దగ్గరికి లాగి వచ్చింది. ఈ పూట ఆయన పక్కన కూర్చునే ఓపిక ఆవిడకి లేదు. అన్నిటికన్నా వెనక ఉన్న లొరెట్టా బండిలో వెళ్ళాలనుకుంది. లొరెట్టా పోస్టాఫీసులో పని చేసి రిటైరైన మనిషి. ఒంటరిగా బండి తోలుతుంది, రహస్యం చెబితే దాచుతుంది. దారిలో హార్లన్ ఎదురయ్యాడు. ఈ ఆరు బండ్ల గుంపుకీ పెద్ద ఆయనే, సాయంత్రాలు అందరికీ వంట చేసేదీ ఆయనే.

"వెండెల్‌తో చెప్పు, నేను లొరెట్టా బండిలో వస్తున్నానని," అని మార్లిస్ సాగిపోయింది.

పక్కన ఎవరిదో జనరేటర్ హోరెత్తుతోంది. హార్లన్ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. "ఏమోయ్ వెండెల్! మార్లిస్... లొరెట్టా బండిలో ఉంది!"

వెండెల్‌కి వినిపించింది వేరు. మార్లిస్, రొట్టె బండిలో ఉంది. అంటే గొడవ పడి కూడా దారికి తినడానికి రొట్టె చేసిందన్నమాట. పైగా మనిషి చేత కబురు చేసింది. ఆయన గుండె కాస్త తేలికపడింది.

"మంచిది! ఆకలేస్తే తింటాను!" అని తిరిగి అరిచాడు.

హార్లన్ ఒక క్షణం నిలబడి ఆలోచించి, మొగుడూ పెళ్ళాల విషయంలో మనకెందుకని తన బండి ఎక్కేశాడు.

రోజూ పక్క సీట్లో మార్లిస్ కూర్చుని వైర్‌లెస్ మైకు పట్టుకునేది. వెనక బండ్ల వాళ్ళతో మాట్లాడేది ఆవిడే. ఈ రోజు వెండెల్ తనే "బయలుదేరుతున్నాం" అని చెప్పి మైకుని ఆ ఖాళీ సీట్లో పడేశాడు. వై అనే ఊరి దగ్గర రోడ్డు ఎడమకి తిరిగినప్పుడు, అద్దం ముందు పెట్టిన లావుపాటి మ్యాపుల పుస్తకం జారి మైకు మీట మీద పడింది. మీట నొక్కుకుపోయింది. ఇక అక్కణ్ణుంచి వెండెల్ ఏమన్నా ఐదు బండ్లకీ వినిపిస్తుంది. ఐదు బండ్ల వాళ్ళు ఏమన్నా ఆయనకి వినిపించదు.

"రొట్టె సంగతి హార్లన్ చెప్పాడు," అన్నాడు వెండెల్, మూసి ఉన్న పడకగది తలుపుకేసి.

చివరి బండిలో లొరెట్టా కనుబొమలు ఎగరేసింది. "ఏ రొట్టె? ఎవరితో మాట్లాడుతున్నాడు?"

మార్లిస్‌కి నవ్వొచ్చింది. "నాతోనే. నేను లోపల ముసుగు తన్ని పడుకున్నాననుకుంటున్నాడు."

లొరెట్టా తన మైకు తీసి, "వెండెల్, నీ మీట నొక్కుకుపోయింది," అంది. జవాబు లేదు. వెండెల్ గొంతు మాత్రం హాయిగా సాగిపోతోంది.

"రొట్టె చేశావంటే బతికిపోయాం. లేకపోతే రాత్రికి మళ్ళీ ఆ హార్లన్ చిక్కుడుగింజల కూరే గతి. మొన్నామధ్య మనిద్దరం చాటుగా బండి కింద పారబోశామా, మూడు రోజులు చూశాను మార్లీ. ఒక్క చీమ రాలేదు."

వెనకే వస్తున్న హార్లన్ హారన్ మీద చెయ్యి వేశాడు. తర్వాత ఫోను చేశాడు. వెండెల్ ఫోను మీద హార్లన్ పేరు చూసి కట్ చేశాడు. "వీడికెప్పుడూ తొందరే," అని బండి వేగం పెంచాడు. మరో నిమిషానికి తెలియని నంబరు మోగింది. అది లొరెట్టాది. ఇన్సూరెన్సు వాళ్ళనుకుని అదీ కట్ చేశాడు.

ఇరవై మైళ్ళు గడిచాయి. తలుపు వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"మాట్లాడవా? సరే. నేనే చెబుతాను. నీ మొహం ఎదురుగా లేనప్పుడే నాకు మాటలొస్తాయి," అన్నాడు వెండెల్. "ఆ ఫోను... నవ్వనంటే చెబుతాను. అది గెర్డా."

లొరెట్టా బ్రేకు తొక్కినంత పని చేసింది. "గెర్డా ఎవరే?"

మార్లిస్ కిటికీకేసి తిరిగింది. "మా ఆవు," అంది.

"పాలు పితికే వేళకి ఫోను చేస్తే ఆర్నీ దాని చెవి దగ్గర పెడతాడు. నేను పలకరిస్తే నమలడం ఆపేస్తుంది. ఊపిరి వినిపిస్తుంది. అంతే. దానికోసమే," వెండెల్ చెబుతున్నాడు. "నాలుగున్నరకి నా చేతులు వాటంతటవే లేస్తాయి మార్లీ. ఇక్కడ నేనేం పితకను? ఈ ముళ్ళచెట్లనా? నవంబరులో మన సరస్సు గడ్డకట్టేటప్పుడు మూలుగుతుంది చూడు, ఆ చప్పుడు వింటే గాని నాకు ఏడాది అయిపోయినట్టుండదు. రెండేళ్ళుగా ఏడాది అవడం లేదు. ఎందుకు నిలవనివ్వవని అడిగావు. కుదురుగా కూర్చుంటే ఇల్లు గుర్తొస్తుంది. తోలుతూ ఉంటే రోడ్డు చూసుకోవాలి, అంతవరకూ నయం."

హార్లన్ హారన్ మీంచి చెయ్యి తీసేశాడు.

మార్లిస్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బయట అచ్చం కేలండర్‌లో ఉన్నట్టే ఉంది. "ఆవు పొట్టకి నుదురు ఆనించుకుని ఆ బొమ్మ చూసేదాన్ని," అంది మెల్లగా. "ఇప్పుడు బొమ్మలోకొచ్చి కూర్చున్నాను. నుదురు ఆనించుకోవడానికి ఏమీ లేదు."

"మరి ఆ యూమా స్థలం ఎందుకడిగావు తల్లీ?" అంది లొరెట్టా.

"ఈ మనిషి ఒకచోట ఆగితే ఇల్లు గుర్తొస్తుందని. తనే పోదామంటాడని. నాకోసం ఆవుల్నే అమ్మేసిన మనిషితో ఇంటికి పోదామని ఏ మొహం పెట్టుకుని అనను?"

అప్పుడే వెండెల్ గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టిగా. "నా ఏడుపు వదిలెయ్. నలభై ఏళ్ళు నువ్వు కోరుకున్నది ఇది. యూమా స్థలం తీసుకుందాం. ఇప్పుడే చెప్పేస్తాను. టూసాన్ దాకా ఆగితే నా బుద్ధి మారుతుంది."

నంబరు నొక్కిన చప్పుడు ఐదు బండ్లలోనూ వినిపించింది.

"వద్దు!" మార్లిస్ లొరెట్టా చేతిలోంచి మైకు లాక్కుంది. "వెండెల్, వద్దు! ఫోను పెట్టెయ్!"

"నమస్కారమమ్మా," అంటున్నాడు వెండెల్. "మూల స్థలం ఖాళీగా ఉందా?"

లొరెట్టా లైట్లు వెలిగించి ఆర్పింది, హారన్ మోగించింది. ముందు బండి అందుకుంది, దాని ముందుది అందుకుంది, చివరికి చిక్కుడుగింజల అవమానం దిగమింగి హార్లన్ కూడా అందుకున్నాడు. ఐదు హారన్లు ఒక్కసారిగా ఎడారిని దద్దరిల్లజేశాయి. వెండెల్ అద్దంలో చూసి, "అందరికీ ఒకేసారి ఆకలేసినట్టుంది," అని ఇంకాస్త వేగం పెంచాడు.

"మూల స్థలం మూడు చలికాలాలకైతేనే ఇస్తాం సర్," అంది ఫోనులో అమ్మాయి. "తర్వాత మార్చుకోవడానికి కుదరదు."

"మంచిదే. నేను మారుస్తానన్నా మీరు ఒప్పుకోకండి."

"ఎవరైనా ఆపండయ్యా!" అంది మార్లిస్.

వెండెల్ కార్డు మీది పదహారు అంకెలూ మెల్లగా, స్పష్టంగా చదివాడు. ఐదు బండ్ల వాళ్ళూ మర్యాదకి దగ్గారు.

టూసాన్‌కి ముందు రోడ్డు మీద సరిహద్దు వాళ్ళ తనిఖీ ఉంటుంది. వెండెల్ బండి ఆపి కిటికీ దించాడు. ఆకుపచ్చ యూనిఫాం వేసుకున్న అధికారి అడిగాడు. "లోపల ఎంతమంది సర్?"

"ఇద్దరం. మా ఆవిడ వెనక గదిలో ఉంది. అలిగింది."

"ఒకసారి బయటికి రమ్మంటారా?"

"పొద్దుట్నుంచీ నేను ఆ పని మీదే ఉన్నాను."

అధికారి బండి ఎక్కాడు. వెండెల్ తలుపు తట్టి, "మార్లీ, అధికారి గారు వచ్చారు," అన్నాడు. చప్పుడు లేదు. తలుపు తీశాడు. మంచం మీద మార్లిస్ ఫోను ఉంది, స్వెటర్ ఉంది. మార్లిస్ లేదు.

వెండెల్ పరుపు కింద చూశాడు, బట్టల అర తెరిచి చూశాడు, స్నానాల గదిలో చూశాడు. మతి పోయినవాడిలా మళ్ళీ బట్టల అరలో చూశాడు.

"చివరిసారి ఎప్పుడు చూశారు సర్?" అధికారి గొంతు మారింది.

"పొద్దున్న. తలుపు వేసుకుంది. తర్వాత... రొట్టె..."

"రొట్టె ఏమిటి సర్?"

వెండెల్ మంచం అంచున కూలబడ్డాడు. స్వెటర్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆహోలోనే దిగిపోయిందా? తనని వదిలేసి, ఫోను కూడా వద్దనుకుని వెళ్ళిపోయిందా? చెప్పాల్సినవన్నీ నలభై ఏళ్ళ తర్వాత ఈ రోజే చెప్పాడు.

"మరి ఇంతసేపూ నేను ఎవరితో మాట్లాడానయ్యా?" అన్నాడు.

"నాతోనే!"

మార్లిస్ గుమ్మంలో ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి, నాలుగు బండ్లనీ దాటుకుంటూ ఇంటి చెప్పులతో పరిగెత్తుకొచ్చింది. ఊపిరి అందడం లేదు. వెండెల్ లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. అధికారి కిటికీలోంచి బయటికి చూశాడు.

"విన్నావా? అంతా?"

"అంతా. అందరూ విన్నారు."

"చిక్కుడుగింజలు కూడానా?"

"చీమలతో సహా."

వెండెల్ కింద పడిన స్వెటర్ తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు. "పోనీలే. నీ యూమా స్థలం మాత్రం తీసుకున్నాను," అన్నాడు.

"వద్దని అరిచాను. గొంతు పోయింది చూడు."

"ఎందుకు వద్దు?"

"ఇంటికి పోవాలని ఉంది వెండెల్."

"ఎప్పట్నుంచి?"

"మొదటి చలికాలం, రెండో వారం నుంచి."

"నాకు మొదటి వారం నుంచే," అన్నాడు వెండెల్.

"మీ మైకు ఇంకా తెరిచే ఉన్నట్టుంది సర్," అంటూ అధికారి మ్యాపుల పుస్తకం పక్కకి తీశాడు. సెట్టులోంచి ఎవరో గట్టిగా ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత హార్లన్, "దారికి అడ్డం తప్పుకోండి, వెనక లారీలున్నాయి," అన్నాడు.

పార్కు అమ్మాయి మాట మీద నిలబడింది. వెండెల్ నాలుగుసార్లు ఫోను చేసి బతిమాలాడు. ఆయన మారుస్తానన్నా ఒప్పుకోవద్దని ఆయనే చెప్పిన సంగతి రాసి పెట్టుకున్నామని నాలుగుసార్లూ చదివి వినిపించింది. అలాగని కొన్నది వదిలేయడం ఇద్దరికీ చేతకాదు. ఏప్రిల్‌లో మిన్నెసోటా వెళ్ళి, ఆర్నీ కొట్టంలో రెండు పూటలా ఊరికే పాలు పితికి, మంచు పడేలోగా మళ్ళీ యూమా వస్తున్నారు.

యూమాలో ఇది రెండో చలికాలం. ఇప్పుడు నాలుగున్నరకి ఇద్దరూ లేస్తారు. ఆ మూల స్థలంలో రెండు కుర్చీలు పక్కపక్కనే, ఇల్లున్న ఉత్తరం వైపుకి వేసుకుని, ఒక దుప్పటి ఇద్దరి మోకాళ్ళ మీదా కప్పుకుని, తెల్లారేదాకా అటే చూస్తూ కూర్చుంటారు. అటువైపు హైవే, దాని మీద పోయే లారీలు తప్ప ఏమీ లేవు.

ఆ స్థలానికి అంత గిరాకీ అక్కణ్ణుంచి కనిపించే కొండల వల్ల. కొండలు దక్షిణాన ఉన్నాయి.