రాజ్‌మా కుంచంతో సోషియాలజీ డిగ్రీని కొలిచిన వైనం

అనంతగిరి పర్వతపంక్తుల నడుమ, వలిసెపూల పసుపును ఎప్పుడో రాల్చుకుని చలికి ముడుచుకున్న అరకులోయయందు, రెండువేల మూడవ సంవత్సరపు జనవరి మాసాన, శుక్రవారపు సంత అను మహారణరంగమున, సూర్యభగవానుడు పొగమంచును చీల్చడానికి ఇంకా బద్ధకిస్తున్న ఘడియలో, నెత్తిన నాలుగు కుంచాల రాజ్‌మా పిక్కల మూటతో, పాదరక్షారహితయై, ఉబ్బసపీడితయై, అడుగడుగునా నిట్టూర్పు శంఖాన్ని పూరిస్తూ ప్రవేశించిన ఆ వీరనారి ఎవరు?

నేనే. పేరు సోములమ్మ. నా గాథ రాయడానికి ఏ కవీ కొండెక్కి రాలేదు. కిరాణా పొట్లాల కాగితాలు విప్పుకుంటూ అక్షరాలు నేర్చినదాన్ని కనుక నేనే రాసుకుంటున్నాను.

నా శత్రువు పేరు సోషియాలజీ. నా మనవరాలు కనకను విశాఖపట్నానికి ఎత్తుకుపోయిన డిగ్రీ అది. మొదటి ఏడాది గడవకముందే ప్రాజెక్టు పేరుతో పిల్ల ఇంటికొచ్చింది, సంత చూసి రాసుకుపోవాలట. సాయంత్రం పాసింజరుకి తిరుగు ప్రయాణం. ఊళ్లో అంగన్‌వాడీ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆ రైలు కదిలేలోగా ఆ చదువు గవ్వకు కొరగాదని రుజువు చేసి, పిల్లను ఊళ్లోనే నిలుపుతానని గంజి తాగుతూ భీషణ ప్రతిజ్ఞ చేశాను.

గణితాస్త్రం సంధించాను. అంగన్‌వాడీ జీతం నెలకు వెయ్యి. ఇంకా మిగిలిన రెండేళ్ల చదువుకి ఇరవై నాలుగు వేలు నష్టం. కుంచం అరవై రూపాయల లెక్కన నాలుగు వందల కుంచాల పిక్కలు. మా పొలం పదిహేనేళ్లు గొడ్డుచాకిరీ చేసినా అన్ని పండించదు. దారి పొడవునా, వెనక నోటుబుక్కు పట్టుకుని నడిచే కనకకు ఈ మహాసంఖ్యను మేఘగంభీర స్వరంతో వినిపించాను.

"వినవే కనకా! టీచరు చదువు చదివినదానికి బడి ఉంటాది, నర్సు చదివినదానికి సూది ఉంటాది. నీ సేతిలో ఏటుంటాది?"

"నోటుబుక్కుంటాది అమ్మమ్మా."

ఇటువంటి ప్రత్యర్థితో ఎవరు యుద్ధం చేయగలరు?

నిజం చెప్పాలి. ఆ లెక్కలో నేను వేయని అంకె ఒకటుంది. మా ఆయన సోంబరు ఈ రైలుదారి సొరంగాల పనికి వెళ్తూ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు, అంతే, మళ్లీ రాలేదు. కనక తల్లిని జ్వరంతో ఈ రైలే కిందికి తీసుకుపోయింది, తిరిగి తేలేదు. రైలు కూత వింటే చాలు, నా పొట్టలో పాము కదులుతుంది. పాముకి కుంచాల లెక్క ఉండదు కనుక డిగ్రీకి లెక్క కట్టాను.

సంతలో మా పిక్కలు కొనే షావుకారు సన్యాసిరావు, మైదానం నుంచి వచ్చిన మహారథి, ఇత్తడి కుంచం ధరించి కూర్చున్నాడు. అతనిది ప్రసిద్ధమైన వ్రతం. మా దగ్గర కొనేటప్పుడు కుంచం మీద గోపురం లేస్తుంది, మాకు అమ్మేటప్పుడు కర్రతో చదునవుతుంది. మా తెలివీ తక్కువది కాదు. సంతలో పిక్కలు చాలక సిగ్గుపడడం ఎందుకని, ఇంటి దగ్గరే గోపురంతో కొలిచి మూట కట్టుకుంటాం. అంటే మోసపోయే పని సగం మేమే ముందుగా పూర్తి చేసుకొస్తాం.

నా పక్షాన పోరాడతాడన్న ఆశతో షావుకారుకి సంగతంతా చెప్పాను. నవ్వాడు.

"మనుసులెలా బతుకుతారో సదవడానికి పట్నం ఎల్లాలేటే? నా దుకానం కాడ కూకుంటే ఊరికే తెలుస్తాది."

జయము జయమని నా మనసు భేరి మోగించింది. కనక మాత్రం అతను చెప్పినట్టే దుకాణం దగ్గర కూర్చుంది. నోటుబుక్కు తెరిచింది. షావుకారు నా మొదటి కుంచం నింపాడు, గోపురం లేచింది. పిల్ల జానతో గాలిలోనే దాని ఎత్తు చూసి రాసుకుంది.

షావుకారు చెయ్యి ఆగింది.

"ఏటి రాస్తన్నావు గుంటా?"

"కొనేటప్పుడు ఎంతెత్తు, అమ్మేటప్పుడు ఎంతెత్తు, అదే బాబూ."

"ఎవులికి?"

"మా సారుకి. బాగుంటే అచ్చేయిస్తారంట."

"పేర్లు కూడానా?"

"అడిగితే రాస్తాను."

ఆ క్షణాన గజదళం మరలినట్టు, అశ్వదళం చెదిరినట్టు, షావుకారి కుడిచెయ్యి కదిలింది. కొనేటప్పుడు ఏనాడూ తాకని కర్రను అందుకుని, గోపురాన్ని పడగొట్టి, కుంచాన్ని చదును చేసింది. అరవయ్యేళ్లుగా ఆ దృశ్యం కోసం నా కళ్లు కాచి ఉన్నాయని నాకే తెలియదు. నాలుగు కుంచాలుగా పోవలసిన మూట నాలుగున్నర అయింది. వెనక వరసలో ఉన్న పైడితల్లి నోరు తెరుచుకుని, తన మూటతో మా పిల్ల పక్కకు జరిగి కూర్చుంది. ఆమె వెనకవాళ్లూ జరిగారు.

నేను ఒక్కదాన్నే బిక్కమొహం వేశాను. శత్రువు ముప్పై రూపాయలు సంపాదించి నా కొంగులో పోసింది. నష్టం ఇంకా మూడు వందల తొంభై తొమ్మిదిన్నర కుంచాలే కదా అని మళ్లీ లెక్క మొదలుపెట్టబోయి, ఆ ముప్పైనీ కొంగున ముడేసుకున్నాను.

సాయంత్రం స్టేషనులో ఆ ముప్పై పిల్ల చేతిలో పెట్టాను. రైలు వచ్చింది. పిల్ల ఎక్కింది. కనక కిటికీలోంచి చూసి, "ఏటమ్మమ్మా, ఏదో అంటన్నావు," అంది.

"సెయ్యి బయట పెట్టకు. సొరంగాలొస్తాయి," అన్నాను.

సకల జనులారా, ఆలకించండి! పదకొండు అక్షౌహిణుల్ని గెలిచినవారు ఉంటారు, ఉండనివ్వండి. ఆనాడు అరకు ప్లాట్‌ఫారం మీద సోములమ్మ అను ఈ వృద్ధసింహం, "వెళ్లొద్దే" అన్న ఒక్క మాటను, ఉన్న నాలుగు పళ్ల మధ్యనే బంధించి, ఆఖరి పెట్టె మలుపు తిరిగేదాకా బయటికి రానివ్వలేదు.